రెండో అంతస్తు దాటిన నీళ్ళు

ఆ అపార్టుమెంటులో మెట్లు చదరంగా చుట్టుకుంటూ పైకి వెళ్తాయి. నడిమధ్యన బావిలాంటి ఖాళీ ఉంటుంది. ఏళ్ళ తరబడి అక్కడ కాపురం ఉంటున్నవాళ్ళెవరూ ఆ ఖాళీని పట్టించుకోలేదు. చిన్ని మాత్రం ఇల్లు చూడ్డానికి వచ్చిన రోజే గదుల మొహం చూడకుండా మెట్ల దగ్గర నిలబడిపోయి, కమ్మీ మీదుగా కిందికీ పైకీ తొంగిచూసి, "ఏమండీ, ఈ ఇల్లు తీసేసుకుందాం" అంది.

"వంటిల్లు చూశావా?" అన్నాడు భర్త.

"ఉండే ఉంటుందిలెండి."

చిన్ని అనేది ఇంట్లో పిలుపు. బయట చాలామందికి ఆమె 'ఎందుకబ్బా'. అది ఆమె నడిపే వీడియో ఛానెల్ పేరు. ప్రతి వీడియో ఆ మాటతోనే మొదలవుతుంది. ఉల్లిపాయ కోస్తే ఏడుపు ఎందుకబ్బా, సైకిల్ నడుస్తుంటే పడదు, ఆపితే పడుతుంది, ఎందుకబ్బా. అడిగి ఊరుకోదు. బక్కెట్లు, తాళ్ళు, బెలూన్లు ముందేసుకుని కూర్చుని, చేసి చూపిస్తుంది. సగం సార్లు ఇల్లంతా తడిసిపోతుంది.

అంతకు ముందు పదకొండేళ్ళు పంపుల ఫ్యాక్టరీలో డిజైన్ ఇంజనీరుగా చేసింది. మంచి ఉద్యోగం, మంచి పేరు. ఒకరోజు బడిపిల్లలు ఫ్యాక్టరీ చూడ్డానికి వచ్చారు. ఒక పాప, నీళ్ళకి బరువుంది కదా, పైకెలా వెళ్తాయి అని అడిగింది. పంపు లాగుతుందమ్మా అని మేనేజరు గారు ఒక్క ముక్కలో తేల్చేశారు. చిన్నికి మనసు ఊరుకోలేదు. క్యాంటీన్‌ నుంచి ఒక గ్లాసు, ఒక స్ట్రా తెప్పించి, "లాగడం అనేది లేనే లేదు. మనం లోపలి గాలి తీసేస్తాం, బయటి గాలి నీళ్ళని పైకి తోసేస్తుంది. నీ నెత్తి మీద ఆకాశమంత ఎత్తు గాలి ఉంది, తెలుసా?" అని మొదలుపెట్టింది. పిల్లల బస్సు ఎక్కాల్సిన వేళ దాటిపోయింది. ఆ పాప నెత్తి తడుముకుంటూ బస్సెక్కింది. అది చూశాక చిన్నికి డ్రాయింగుల ముందు కూర్చోబుద్ధి కాలేదు. ఏడాది తిరక్కుండా ఉద్యోగం మానేసింది.

భర్త అంబులెన్సు డ్రైవరు. సెలవు రోజుల్లో కెమెరా అతనే పడతాడు. "ఎలాంటి రోడ్డు మీదైనా చెయ్యి వణకని మనిషిని, నీ బెలూన్లు పేలితే వణుకుతానా?" అంటాడు. ఉద్యోగం మానేసినందుకు అందరికంటే ఎక్కువగా కోపం వచ్చింది చిన్ని అక్కకి. ఆవిడ పళ్ళ డాక్టరు. చెల్లెలి కంటే ఆరేళ్ళు పెద్ద. చిన్నప్పుడు క్యారమ్స్‌లో ఓడిపోతే ఆ పూట అన్నం తినకుండా ఇంకో ఆట ఆడించిన మనిషి. చెల్లెలి వీడియోలు చూడనని అందరితో చెబుతుంది. కానీ, "మొన్న ఆ గుడ్డు సీసాలోకి దూరినప్పుడు నీ జుట్టు ఏంటే అలా ఉంది?" అని అడుగుతుంది.

కథంతా ఒక మాటతో మొదలైంది. పోయిన నెల వీడియోలో చిన్ని పొడుగాటి పైపు నోట్లో పెట్టుకుని నీళ్ళు పీల్చి చూపించింది. బలమంతా పెట్టి పీలిస్తే నీళ్ళు నడుమెత్తు దాటి కాస్త పైకి వచ్చి ఆగిపోయాయి. ఎంత బలమైనవాడైనా నాకు రెండింతలో మూడింతలో పీలుస్తాడు, అంతకు మించి ఏం చేస్తాడని మనసులోనే లెక్క కట్టేసింది. ఆ ఊపులో కెమెరా వైపు తిరిగి, "మనిషన్నవాడు నోటితో పీల్చి నీళ్ళని రెండో అంతస్తుకి ఎక్కించలేడు. ఎక్కించే మొనగాళ్ళుంటే రండి. నేను చెప్పింది తప్పని ఇదే కెమెరా ముందు ఒప్పుకుంటాను" అనేసింది.

ఇక చూడాలి. వీడియో కింద కామెంట్లు వరదలా వచ్చిపడ్డాయి. ఒకడు నేను నిమిషంన్నర ఊపిరి బిగబడతానంటాడు. ఒకావిడ మా ఆయన గురక చూస్తే నువ్వీ మాట అనవంటుంది. బ్యాండులో ట్రంపెట్ వాయించే ఒకాయన, "చోటు చెప్పండి, వస్తాను" అని ఊరుకున్నాడు. ఈత నేర్పే కోచ్ ఒకావిడ కూడా వస్తానంది.

"ఏం చేద్దామంటావు?" అన్నాడు భర్త.

"ఏం చేస్తాం? పిలుద్దాం. లైవ్ పెడదాం. మెట్ల మధ్య ఖాళీ ఎందుకుందనుకున్నారు?"

ఆ వారమంతా చిన్ని కాళ్ళు నేల మీద నిలవలేదు. మొదట తెచ్చిన పారదర్శకపు పైపు మెత్తగా ఉంది. పీల్చగానే బయటి గాలి దాన్ని నొక్కేసి రిబ్బనులా చదును చేసేసింది. చిన్ని దానికి కూడా మురిసిపోయి వీడియో తీసుకుంది. తర్వాత మందపాటి గోడలున్న గట్టి పైపు వెతికి తెచ్చింది. మెట్ల మధ్య నాలుగో అంతస్తు నుంచి నేలదాకా దాన్ని వేలాడదీసి, ప్రతి అంతస్తు కమ్మీకీ తాడుతో కట్టింది. కింద బక్కెట్లో మంచినీళ్ళు పోసి, కేకుల్లో వేసే ఎర్రరంగు కలిపింది. ఇరుగుపొరుగువాళ్ళు ఎవరి అంతస్తుకి వాళ్ళు సాక్షులుగా ఉంటామన్నారు. మొదటి అంతస్తులో బట్టలు కుట్టే ఆవిడ, రెండో అంతస్తులో రిటైరైన లెక్కల టీచరమ్మ. టీచరమ్మ అయితే కమ్మీ పక్కన కుర్చీ వేసుకుని, కళ్ళజోడు తుడుచుకుని, పరీక్ష హాల్లో కూర్చున్నట్టే కూర్చుంది.

ఆదివారం మధ్యాహ్నం. మెట్ల నిండా జనం. లైవ్ ఇంకా మొదలు కాకముందే అక్క వచ్చింది. ఇస్త్రీ చీర, భుజాన బ్యాగు, జనాన్ని తోసుకుంటూ మూడో అంతస్తుకి ఎక్కి ఆయాసపడుతూ నిలబడింది.

"ఏంటే ఈ జాతర?"

"అక్కా, నువ్వొచ్చావా? చూడ్డానికే?"

"చూడ్డానికి కాదు. మీ పాత మేనేజరు గారి భార్య నా పేషెంటు. ఆవిడతో చెప్పి, ఆయనతో మాట్లాడించాను. నీ సీటు ఇంకా ఖాళీగానే ఉందట. నాలుగింటికి నాకు ఫోన్ చేస్తారు, నీకిస్తాను. మొహం కడుక్కుని, జుట్టు దువ్వుకుని, మనిషిలా కూర్చో."

"అక్కా, ఇప్పుడా?"

"మరెప్పుడు? నీకు బక్కెట్ల పిచ్చి తగ్గాకా?"

 అక్క చెడు కోరి చెయ్యదని చిన్నికి తెలుసు. అదే ఇబ్బంది. ఈలోపు కింద నుంచి భర్త, "మొదలెడదామా?" అని కేకేశాడు.  "నాలుగింటికి కదా. అందాకా అక్కడ నిలబడు అక్కా, కమ్మీకి ఆనుకోకు, రంగు అంటుకుంటుంది" అని చిన్ని మైకు అందుకుంది.

పద్ధతి సులువు. పీల్చేవాళ్ళు మూడో అంతస్తులో నిలబడాలి. నాలుగో అంతస్తు నుంచి అక్కడికి దించిన పైపు పై కొస నోట్లో పెట్టుకోవాలి. కింద బక్కెట్లోంచి నీళ్ళు పైపులో ఎంతదాకా ఎక్కితే అంత. పీల్చేవాళ్ళకి నీళ్ళు కనిపించవు, కింది అంతస్తులవాళ్ళు చెప్పాలి.

ముందు ట్రంపెట్ ఆయన వచ్చాడు. మనిషి నిలువెత్తు బీరువాలా ఉన్నాడు. ఛాతీ పొంగించి, కళ్ళు మూసుకుని పీల్చాడు. మెడలో నరాలు తాళ్ళలా లేచాయి.  ఎర్రటి గీత బక్కెట్లోంచి చరచరా లేచి, మనిషి ఛాతీ ఎత్తుకి వచ్చి, అక్కడ నిలబడిపోయింది. ఆయన మళ్ళీ పీల్చాడు. అది బెత్తెడు లేచి మళ్ళీ జారింది.

"ఎంతదాకా వచ్చాయండీ?" అన్నాడు రొప్పుతూ.

మొదటి అంతస్తు ఆవిడ తల వంచి చూసి, "ఇంకా మా గుమ్మం తొక్కలేదండీ" అంది. మెట్లన్నీ నవ్వాయి. ఆయన కూడా నవ్వేశాడు, కానీ చెవులు ఎర్రబడ్డాయి.

ఈత కోచ్ వచ్చింది. నీటి అడుగున ఈ కొస నుంచి ఆ కొసకి ఒకే ఊపిరితో ఈదే మనిషి. ఆవిడ పీలిస్తే ట్రంపెట్ ఆయన గుర్తు మీద రెండు వేళ్ళు ఎక్కాయంతే. పక్కింటి సన్నటి అబ్బాయితో సహా ఇంకో నలుగురు ప్రయత్నించారు. నీళ్ళు నేలంతస్తు దాటి పైకి రాలేదు. కామెంట్లలో ఎగతాళి మొదలైంది. చిన్ని గెలుస్తోంది. గెలుస్తున్నకొద్దీ ఆమెకే ఏదో వెలితిగా ఉంది. ఇంత పెద్ద ఊపిరితిత్తులకి, ఆ పక్కింటి సన్నటి అబ్బాయి ఊపిరితిత్తులకి తేడా ఇంత తక్కువేంటి? ఎందుకబ్బా?

ఆ మాట పైకే అనేసినట్టుంది.

"ఎందుకంటే అందరూ ఊపిరితో పీలుస్తున్నారు కాబట్టి" అంది వెనక నుంచి అక్క.

చిన్ని తిరిగి చూసింది. అక్క చేతులు కట్టుకుని, తనకేమీ పట్టనట్టు గోడ వైపు చూస్తోంది.

"మరి దేంతో పీలుస్తారు?"

"ఛాతీ కండరాలకి అంత బలం ఉండదే. ఎంత పెద్ద ఛాతీ అయినా అంతే. చంటిపిల్ల పాలు ఎలా తాగుతుంది? ఊపిరి పీల్చా? ముక్కుతో గాలి పీలుస్తూనే నోటితో తాగుతుంది. నోరు వేరు, ఊపిరి వేరు. నాలుక, బుగ్గలు. నాలుకంత గట్టి కండ ఇంకోటి లేదు. రోజూ దానితో కుస్తీ పడేదాన్ని నేను, నాకు తెలీదా?"

చిన్ని మెదడులో ఏదో టప్పున వెలిగింది. తను కొలిచింది ఊపిరిని. లెక్క కట్టింది ఊపిరిని. నోటిని అసలు లెక్కలోకే తీసుకోలేదు. తప్పు దొరికినందుకు దిగులు రావాలి, కానీ అరికాళ్ళ నుంచి ఆనందం తన్నుకొస్తోంది.

"అక్కా, చేసి చూపించు."

"నేనా? ఇంతమందిలో? సిగ్గులేకపోతే సరి."

"నీవల్ల కాదులే. వయసు కూడా అయింది."

ఆ మాట ఎక్కడ తగలాలో అక్కడ తగిలింది. అక్క బ్యాగు తీసి మరిది చేతికిచ్చింది. కెమెరాతో పైకి వచ్చేసిన అతను బ్యాగు మెడలో వేసుకుని, "వదినగారూ, మెల్లిగా" అన్నాడు. "మీరు కెమెరా సరిగ్గా పట్టుకోండి మరిదిగారూ" అని, అక్క చీర కొంగు నడుముకి చుట్టి దోపి, పైపు కొస గుడ్డతో తుడిచి నోట్లో పెట్టుకుంది.

మొదటి గుక్కకి ఏమీ కనిపించలేదు. బుగ్గలు లోపలికి పోయాయి, గడ్డం కిందికి దిగింది. తర్వాత నాలుకతో పైపు మూసిపెట్టి, నోట్లో గాలి పక్కనుంచి వదిలి, మళ్ళీ పీల్చింది. ముక్కుతో మాత్రం హాయిగా ఊపిరి తీసుకుంటూనే ఉంది. మూయడం, వదలడం, పీల్చడం. చేతి పంపు కొట్టినట్టే.

"లేస్తున్నాయి" అన్నారు కింద ఎవరో.

చిన్ని మెట్ల మీద పరుగెత్తింది. రెండో అంతస్తు, మొదటి అంతస్తు. ఎర్రటి గీత ఒక్కో గుక్కకి చెయ్యెడు చెయ్యెడు ఎక్కుతోంది. మధ్యలో ఆగుతోంది గానీ జారడం లేదు. ట్రంపెట్ ఆయన గుర్తు దాటింది. కోచ్ గుర్తు దాటింది. మొదటి అంతస్తు కమ్మీ దగ్గరికి వచ్చింది.

"మా గుమ్మం తొక్కాయండోయ్" అని అరిచింది కుట్టుపని ఆవిడ.

ఒక్కసారిగా మెట్ల మీది జనమంతా లేచి నిలబడ్డారు. పైన అక్కకి ఏమీ కనిపించడం లేదు. కళ్ళు పెద్దవి చేసి చెల్లెలి కోసం వెతుకుతోంది. చిన్ని కింద నుంచి, "ఆపకు అక్కా, ఆపకు" అని అరుస్తూ నీళ్ళతో పాటు మెట్లెక్కుతోంది. నీళ్ళు ఒక మెట్టు, తను ఒక మెట్టు. మనిషి నోటి బలంతో ఇన్ని నీళ్ళు ఇంత ఎత్తున నిలబడి ఉన్నాయంటే ఆమెకే నమ్మశక్యంగా లేదు. పంపుల మీద పదకొండేళ్ళు పనిచేసింది. మెడ మీద ఉన్న పంపుని ఏనాడూ చూడలేదు.

గుక్కలు నెమ్మదించాయి. ఇప్పుడు ఒక్కో గుక్కకి వేలెడే ఎక్కుతోంది. అక్క మొహం ఎర్రబడింది. ట్రంపెట్ ఆయన అందరికంటే ముందుగా చప్పట్లు మొదలుపెట్టాడు, గుక్క గుక్కకీ ఒక చప్పట. జనం అందుకున్నారు. మెట్లన్నీ ఒకే తాళంతో మోగుతున్నాయి. రెండో అంతస్తులో టీచరమ్మ కుర్చీలోంచి లేచి, కమ్మీ మీద వేలు పెట్టి, ముక్కు పైపుకి ఆనించి చూస్తోంది. ఎర్రటి గీత ఆవిడ వేలి దగ్గరికి వచ్చి, ఆగి, ఆలోచించుకున్నట్టు ఉండి, దాటింది.

"రెండో అంతస్తు" అంది టీచరమ్మ. గొంతు పెంచలేదు. ఆ మాట వినగానే భవనం కప్పు లేచిపోతుందా అన్నట్టు కేకలు.

అక్క ఆపుతుందనుకున్నారు. అక్క ఆపుతుందా? ఇంకా పీల్చింది. టీచరమ్మ ఛాతీ ఎత్తు, భుజాలు, తలకట్టు. ఆవిడ తల ఎత్తి చూడాల్సి వచ్చినప్పుడు అక్క ఇక చాలన్నట్టు చెయ్యి ఊపి నోరు తీసేసింది. నీళ్ళు నాలుగు బారలకు పైగా పైపుని ఒక్క దెబ్బలో ఖాళీ చేస్తూ బక్కెట్లోకి దూకి, చుట్టూ నిలబడ్డవాళ్ళ బట్టలన్నీ ఎర్రగా చేసేశాయి. ఎవరూ తిట్టలేదు.

చిన్ని ఆయాసంతో పైకి వచ్చి అక్కని కావలించుకుంది. తర్వాత కెమెరా వైపు తిరిగింది. నవ్వు ఆపుకోలేకపోతోంది. "చూశారుగా. నేను తప్పు చెప్పాను. ఊపిరిని కొలిచి, నోటిని మర్చిపోయాను. ఈవిడ మా అక్క. నా తప్పు దొరికిన రోజుల్లో ఇంతకంటే మంచి రోజు నాకు గుర్తులేదు."

అక్క ఏదో అనబోయింది. మాట రాలేదు. పెదాలు మొద్దుబారిపోయి, పైపు అంచు గుండ్రంగా అచ్చు పడింది. "నాకు... అ రావట్లేదే" అంది. అంటే ప రావట్లేదని. పెదాలు కలిస్తేనే పలికే అక్షరాలన్నీ ఎగిరిపోయాయి.

సరిగ్గా అప్పుడే మరిది మెడలో ఉన్న బ్యాగులో ఫోను మోగింది.

ముగ్గురూ ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. అక్క బ్యాగులోంచి ఫోను తీసింది. మేనేజరు గారు. చిన్ని చెయ్యి చాపింది. వెళ్ళనని ఎలా చెప్పాలో ఇంకా తేల్చుకోలేదు. అక్క నొచ్చుకుంటుంది, ఇంత దూరం వచ్చి, ఇంత చేసి. కానీ అక్క ఫోను ఇవ్వలేదు. చెల్లెలి మొహం వైపు చూసింది. చెమట, ఎర్రరంగు, చెదిరిన జుట్టు. ఏం కనిపించిందో గానీ, ఫోను తన చెవికే పెట్టుకుంది.

"ఏనేజరు గారూ, నేను డాక్టర్నండి."

"ఎవరండీ? సరిగ్గా వినబడ్డం లేదు."

"ఆ చెల్లెలు రాదండీ. దానికి ఇక్కడ అని ఉంది."

"ఏమని ఉందండీ?"

"అని. అని ఉందండీ. చాలా అని."

"ఏమనో చెప్పండి మరి."

చిన్ని నవ్వు ఆపుకోలేక మెట్టు మీద కూలబడిపోయింది. భర్త కెమెరా పట్టిన చెయ్యి మొదటిసారిగా వణికింది. చివరికి రెండో అంతస్తు నుంచి ఎక్కి వచ్చిన టీచరమ్మ ఫోను తీసుకుని, "పని. ఆ అమ్మాయికి ఇక్కడ పని ఉందని చెబుతున్నారండీ" అని విడమరిచి చెప్పి పెట్టేసింది.

అక్క పెదాలు రుద్దుకుంటూ చెల్లెలి పక్కన మెట్టు మీద కూర్చుంది. కొంచెం కొంచెంగా మాట తిరిగింది. "అది సరే గానీ, మిషనుతో పీలిస్తే ఎంతదాకా వస్తాయే?" అని అడిగింది.

ఆ ప్రశ్న కోసమే కాచుకుని ఉన్నట్టు చిన్ని లేచింది. నాలుగో అంతస్తులో, గాలి తీసేసే వాక్యూమ్ పంపు సిద్ధంగా పెట్టి ఉంది. పైపు దానికి బిగించి స్విచ్ వేసింది. నీళ్ళు ఈసారి పరుగు పరుగున ఎక్కాయి. మొదటి అంతస్తు, రెండు, అక్క గుర్తు, మూడో అంతస్తు కూడా దాటి, అక్కడ కమ్మీ ఎత్తుకి వచ్చి, గోడ తగిలినట్టు ఆగిపోయాయి. పంపు గుర్రుమంటూనే ఉంది. నీళ్ళు కదలవు. చూస్తుండగా పై అంచున బుడగలు లేచాయి. నిప్పు లేదు, వేడి లేదు, చల్లటి నీళ్ళు సలసలా మరిగిపోతున్నాయి. జనం పైపుకి చేతులు ఆనించి చూసి, చల్లగానే ఉందే అని ఒకరికొకరు చెప్పుకున్నారు.

"ఎంత పెద్ద పంపు పెట్టినా ఇంతే" అంది చిన్ని.   "పైన ఇంక తీయడానికి గాలి లేదు, నొక్కే గాలి లేకే చల్లటి నీళ్ళు కూడా మరుగుతున్నాయి. కింద తోసేది మన నెత్తిమీది గాలి, దాని బలం ఇంతవరకే. ఆకాశం అంతా కలిసి మోయగలిగింది ఈ ఎత్తు నీళ్ళనే."

 అక్క కిందికి తొంగిచూసి తన గుర్తుకీ ఈ అంచుకీ మధ్య దూరం కళ్ళతోనే కొలుచుకుంది. "అంటే ఆకాశం మొత్తం కలిసినా నాకంటే ఒక్క మనిషెత్తే ఎక్కువన్నమాట" అంది. చిన్నికి ఆ వాక్యం ఎంత నచ్చిందంటే వీడియోకి దాన్నే పేరుగా పెట్టింది.

ఆ వీడియోని చూసినవాళ్ళు అంతకు ముందు పెట్టిన అన్ని వీడియోలూ చూసినవాళ్ళ కంటే ఎక్కువమంది. బడుల్లో సైన్సు టీచర్లు మెట్ల దగ్గర పైపులు కట్టి ఫోటోలు పంపడం మొదలుపెట్టారు. ట్రంపెట్ ఆయన వారం తిరక్కుండా నాలుక కిటుకు పట్టేసి మొదటి అంతస్తు దాటిన వీడియో పంపాడు. ఒక బడిలో ఆటల టీచరు అక్క గుర్తుని నాలుగు వేళ్ళు దాటించాడని కొలత టేపుతో సహా వచ్చింది. చిన్ని దాన్ని అక్కకి పంపి, తన పనిలో తను పడిపోయింది.

కాసేపటికి క్లినిక్ నుంచి ఫోను. వెనక ఎవరో పేషెంటు నోరు తెరిచి ఆ అంటూ ఉన్నారు.

"పైపు విప్పేశావా?" అంది అక్క.

"ఇంకా లేదక్కా."

"విప్పకు. ఈయన పన్ను ఒక్కటి పీకేసి వస్తున్నా."